ఇంగ్లీషు జాతీయాలు బెదరకుండా నేర్చుకోవడం ఎలా? గోదావరి జిల్లాల వాళ్ళ కోసం

ఇంజినీరింగ్ అయ్యాక హైదరాబాదో బెంగళూరో వెళ్ళి ఉద్యోగంలో చేరిన మన పిల్లలు, భీమవరంలో రొయ్యల ఎగుమతి కంపెనీల్లో విదేశాల మెయిళ్ళు చూసేవాళ్ళు, నరసాపురం లేసు బయటి దేశాలకి పంపేవాళ్ళు, డాలస్‌లో ఉన్న మనవరాలితో ఆదివారం వీడియో కాల్ మాట్లాడే తాతయ్యలు, అమ్మమ్మలు. వీళ్ళందరి ఇంగ్లీషూ ఒక్కచోటే చిక్కుపడుతుంది. వాక్యంలో ప్రతి మాటా తెలిసిందే, కలిపి వింటే మాత్రం ఏమీ బోధపడదు. ‘ద బాల్ ఈజ్ ఇన్ యువర్ కోర్ట్’ అంటాడు మేనేజరు. బాల్ తెలుసు, కోర్టు తెలుసు. మన ప్రాజెక్టుకీ కోర్టుకీ సంబంధమేంటో తెలీదు. అది టెన్నిస్ కోర్టు. బంతి నీ వైపుకి వచ్చింది, ఇక కొట్టాల్సింది నువ్వే, అంటే తరవాత నిర్ణయం నీదే అని దాని భావం.

ఇలాంటి జాతీయాలు జాబితాలుగా బోలెడు దొరుకుతాయి. వాటిని కంఠతా పడితే పరీక్షలో మార్కులు వస్తాయేమో గానీ మాట రాదు. నేను చెప్పే దారి వేరు. అర్థాన్ని కాదు, ఏ సందర్భంలో అంటారో దాన్ని పట్టుకోవాలి. ముందు చెవికి అలవాటు చెయ్యాలి, తరవాత కంటికి, అన్నిటికన్నా ఆఖరున నోటికి. చాలామంది నోటితో మొదలుపెడతారు, అక్కడే దెబ్బతింటారు.

ముందుగా, ఈ విద్య మీకు వచ్చని గుర్తు తెచ్చుకోండి

‘అడిగితే నీళ్ళు నమిలాడు’, ‘చివరికి చేతులెత్తేశాడు’, ‘నా చెవిలో పువ్వులు పెడుతున్నావా?’ వీటిని మీకు ఏ మాస్టారూ నేర్పలేదు. ఇంట్లో పెద్దవాళ్ళు అంటుంటే విన్నారు, వాళ్ళ మొహం చూశారు, ఎవరి మీద అన్నారో గమనించారు, అంతే. ఇంగ్లీషువీ అలాగే వస్తాయి. ఇవాళ సాయంత్రం అరుగు మీద కబుర్లు చెప్పుకునేటప్పుడు చెవి అటు పడేసి వినండి. పది నిమిషాల్లో ఎన్ని జాతీయాలు దొర్లుతాయో చూస్తే, మాటని మాటగా కాకుండా భావంగా వినడం మీకెంత సహజమో తెలుస్తుంది.

ఇంగ్లీషు వింటున్నప్పుడు పైకి కనిపించే అర్థం అక్కడ అతకకపోతే, అది జాతీయమేమో అని అనుమానించండి. మనవరాలు ‘మ్యాథ్ టెస్ట్ వాజ్ ఎ పీస్ ఆఫ్ కేక్, తాతయ్యా’ అంటే స్కూల్లో కేకు పెట్టారని కాదు. లెక్కల పరీక్ష చాలా తేలిగ్గా ఉందని. అర్థం కాని మాట దగ్గర ఆగిపోకుండా తరవాతి వాక్యం వినండి. ‘ఐ ఫినిష్డ్ ఇట్ ఇన్ టెన్ మినిట్స్’ అని ఆ పిల్లే చెప్పేస్తుంది.

నీళ్ళ మాటలతో మొదలుపెట్టండి

ఇంగ్లీషు పెరిగింది చుట్టూ సముద్రం ఉన్న ద్వీపంలో. పడవలు, రేవులు, ఆటుపోట్లు వాళ్ళ మాటలో దండిగా ఉన్నాయి. ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠగా గోదావరి చీలిపోయి, వసిష్ఠ నుంచి వైనతేయ విడిపడే ఈ నేల మీద పుట్టినవాళ్ళకి అవి కళ్ళకి కట్టినట్టు కనిపిస్తాయి. మెట్ట ప్రాంతం వాళ్ళకి లేని సౌకర్యం ఇది, వాడుకోండి.

‘మిస్డ్ ద బోట్.’ సఖినేటిపల్లి రేవుకి మీరు చేరేసరికి నరసాపురం వెళ్ళే పంటు గట్టు వదిలేసింది. మీ బండి గట్టు మీదే ఉంది, పంటు ఏటి మధ్యలో ఉంది. అశ్రద్ధ వల్లో ఆలస్యం వల్లో అవకాశం జారవిడుచుకున్నప్పుడు ఈ మాట అంటారు. ‘ఐ మిస్డ్ ద బోట్ ఆన్ దట్ స్కాలర్‌షిప్.’ రేవులో అయితే కాసేపటికి ఇంకో పంటు వస్తుంది. ఇంగ్లీషు మాటలో ఆ ఆశ తక్కువ. ‘దట్ షిప్ హాజ్ సెయిల్డ్’ అన్నారంటే ఇక ఆ ఆశ కూడా లేదు, ఆ విషయం వదిలేసుకోమని.

‘ఇన్ ద సేమ్ బోట్.’ తుఫానుకి కోతకొచ్చిన చేను నేలకొరిగింది. పక్క చేను రైతుదీ అదే గతి. అప్పుడు ‘వుయ్ ఆర్ ఇన్ ద సేమ్ బోట్’ అనుకోవచ్చు. కష్టంలోనే ఎక్కువగా వాడతారు. ఇద్దరికీ ప్రమోషన్ వచ్చిందని చెప్పడానికి ఇది సరిపోదు.

‘డోంట్ రాక్ ద బోట్.’ నడుస్తున్న పడవలో లేచి నిలబడ్డవాణ్ణి ‘కూర్చోవయ్యా బాబూ’ అని నలుగురూ అరుస్తారు. సాఫీగా సాగుతున్న వ్యవహారాన్ని కదిలించి గొడవ తేవద్దని చెప్పడానికి ఇంగ్లీషువాళ్ళు ఇదే అంటారు.

‘వాటర్ అండర్ ద బ్రిడ్జ్’ దగ్గర కాస్త ఆగాలి. రాజమండ్రిలో 1900లో తెరిచిన హేవలాక్ వంతెన ఇప్పటికీ నిలబడే ఉంది. దాని కింద నుంచి పోయిన నీళ్ళు ఎప్పుడో సముద్రంలో కలిసిపోయాయి. పాత గొడవ గురించి ‘ఇట్స్ ఆల్ వాటర్ అండర్ ద బ్రిడ్జ్ నౌ’ అంటే, అయిందేదో అయిపోయింది, ఇక మనసులో పెట్టుకోలేదు అని. ఇందులో ఒక మర్యాద ఉంది. ఆ మాట అనే హక్కు బాధపడ్డవాళ్ళది. తప్పు చేసినవాళ్ళే ముందుగా ఆ మాట అనేస్తే, క్షమాపణ ఎగ్గొట్టి దులిపేసుకున్నట్టు ఉంటుంది. జాబితాల్లో ‘గడిచిన విషయం’ అని మాత్రమే రాసి ఉంటుంది, ఈ సంగతి ఉండదు. సందర్భం పట్టుకోమని నేను పట్టుబట్టేది ఇందుకే.

‘ఓపెన్ ద ఫ్లడ్‌గేట్స్’ వినగానే ధవళేశ్వరం బ్యారేజీ గుర్తు రావాలి. అక్కడున్నవి 175 గేట్లు. ఒకరికి మినహాయింపు ఇస్తే మిగతావాళ్ళంతా ఒక్కసారిగా వచ్చి పడతారని చెప్పడానికి వాడతారు. ఇంకో రెండు: ‘టెస్ట్ ద వాటర్స్’ అంటే దిగేముందు లోతు చూసుకోవడం. ‘కీపింగ్ మై హెడ్ ఎబవ్ వాటర్’ అంటే అప్పులో పనో పీకల దాకా వచ్చినా మునిగిపోకుండా ఎలాగో నెట్టుకురావడం.

ప్రతిదాని పక్కనా మన మాట ఒకటి పెట్టుకోండి

ఓ నోటుబుక్కు తీసుకుని, విన్న ప్రతి జాతీయం ఎదురుగా మన ఇంట్లో ఆ సందర్భంలో ఏమంటారో రాయండి. అర్థం కాదు, మనం అనే మాట. ‘బీటింగ్ ఎరౌండ్ ద బుష్’ ఎదురుగా ‘డొంకతిరుగుడు మాటలు’. ‘సిట్టింగ్ ఆన్ ద ఫెన్స్’ ఎదురుగా ‘గోడ మీద పిల్లి’. ‘బైటింగ్ ద హ్యాండ్ దట్ ఫీడ్స్ యు’ ఎదురుగా ‘తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం’. ఆ ‘పీస్ ఆఫ్ కేక్’ ఎదురుగా ‘నల్లేరు మీద బండి నడక’.

‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ చూడండి. ఒకే ఇంగ్లీషు నెలలో రెండు పున్నములు వస్తే రెండోదాన్ని బ్లూ మూన్ అంటారు. 2023 ఆగస్టులో అలా వచ్చింది. అది రెండుమూడేళ్ళకోసారి వస్తుంది. ఎప్పుడో అరుదుగా జరిగేదానికి ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ అని వాడతారు. మనం అమావాస్యకో పున్నానికో అంటాం. ఇంకా అరుదైతే పుష్కరానికోసారి అంటాం. గోదావరి పుష్కరాలు 2015లో వచ్చాయి, మళ్ళీ 2027లోనే. ‘మా తమ్ముడు పుష్కరానికోసారి ఫోన్ చేస్తాడు’ అన్నట్టే ‘మై బ్రదర్ కాల్స్ మీ వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’. కాస్త నిష్ఠూరం రెండిట్లోనూ ఉంది. జోడీ బాగా కుదిరిందనడానికి అదే గుర్తు.

కుదరనివీ ఉంటాయి. ‘కాస్ట్స్ ఎన్ ఆర్మ్ అండ్ ఎ లెగ్’ అంటే ధర మరీ ఎక్కువని. దీని పక్కన ‘పుస్తెలమ్మైనా పులస తినాలి’ అని రాసుకోవాలనిపిస్తుంది. కానీ మన మాట పులసని నెత్తిన పెట్టుకుంటోంది, ఆ ధర పెట్టొచ్చంటోంది. ఇంగ్లీషు మాట ధర చూసి మూలుగుతోంది. దానికి సరైన జోడీ ‘ధర కొండెక్కి కూర్చుంది’. అలాగే ‘బర్నింగ్ బ్రిడ్జెస్’ చూడగానే ‘ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు’ గుర్తొస్తుంది. మనది కృతఘ్నత గురించి. వాళ్ళది వెనక్కి వెళ్ళే దారి మనమే మూసేసుకోవడం గురించి. ఉద్యోగం మానేస్తూ మేనేజర్ని నాలుగు తిట్టి వచ్చేవాడు ‘బర్నింగ్ హిజ్ బ్రిడ్జెస్’. పక్కపక్కన రాసుకుని, తేడా ఏమిటో కింద ఒక్క ముక్కలో రాయండి.

‘అండర్ ద వెదర్’ మన ‘ఒంట్లో నలతగా ఉంది’ లాంటిది. జలుబు, కాస్త జ్వరం, నీరసం వరకే. సెలవు అడగడానికి ‘ఐ యామ్ ఫీలింగ్ ఎ బిట్ అండర్ ద వెదర్ టుడే’ చక్కగా సరిపోతుంది. ఆపరేషన్ అయి ఆసుపత్రిలో ఉన్నవాళ్ళ గురించి మాత్రం ఇలా అనకూడదు.

మన మాటలాగే కనిపించి మోసం చేసేవి విడిగా రాసుకోండి

అన్నిటికన్నా జాగ్రత్త ఇక్కడ కావాలి.

‘పుల్లింగ్ యువర్ లెగ్’ అంటే సరదాగా ఆటపట్టించడం. మనకి కాలు పట్టి లాగడమంటే పైకొస్తున్నవాణ్ణి కిందికి ఈడ్చడం. అమెరికా సహోద్యోగి ‘ఐ యామ్ జస్ట్ పుల్లింగ్ యువర్ లెగ్’ అంటే నవ్వేయండి, పగ పెట్టుకోకండి.

‘కోల్డ్ ఫీట్’ కూడా అంతే. మనవైపు కాళ్ళు చల్లబడ్డాయంటే ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. ఇంగ్లీషులో ‘హి గాట్ కోల్డ్ ఫీట్’ అంటే ఆఖరి నిమిషంలో జంకి వెనక్కి తగ్గాడని మాత్రమే. పెళ్ళి ముందు, ఇంటర్వ్యూ ముందు, స్థలం రిజిస్ట్రేషన్ ముందు ఇది వినపడుతుంది.

‘ఈట్ యువర్ వర్డ్స్’ అంటే నోటిదాకా వచ్చిన మాట మింగేయడం కాదు. గట్టిగా అన్న మాట తప్పని తేలి, ఒప్పుకోవాల్సి రావడం. ‘బ్రేక్ ఎ లెగ్’ తిట్టూ కాదు, శాపమూ కాదు. స్టేజీ ఎక్కేవాళ్ళకి చెప్పే శుభాకాంక్ష. మీ అమ్మాయి కూచిపూడి అరంగేట్రానికి అమెరికా స్నేహితురాలు ఈ మెసేజ్ పెడితే అమ్మమ్మగారికి ముందే చెప్పి ఉంచండి.

‘కిక్ ద బకెట్’ మనకి ‘బాల్చీ తన్నేశాడు’గా ఎప్పుడో వచ్చేసింది. రెండు భాషల్లోనూ అది పలచన మాటే. ఎవరైనా పోతే ‘పాస్డ్ అవే’ అనండి, ఇంకేమీ కలపకండి. దుఃఖంలో ఉన్నవాళ్ళ దగ్గర జాతీయాల జోలికే వెళ్ళొద్దు.

మన జాతీయాన్ని ఇంగ్లీషు మాటల్లో పోసేయడం దీనికి తిరగేసిన పొరపాటు. ‘తల తినేస్తున్నాడు’ని ‘ఈటింగ్ మై హెడ్’ అంటే మన దేశంలో అర్థమవుతుంది, లండన్‌లో అవదు. అక్కడ ‘హి ఈజ్ డ్రైవింగ్ మీ అప్ ద వాల్’ అంటారు. ‘ఒళ్ళు మండింది’కి ‘ఇట్ మేడ్ మై బ్లడ్ బాయిల్’. ‘నోరు జారాను’కి ‘స్లిప్ ఆఫ్ ద టంగ్’. ‘నోరూరిపోయింది’ ఒక్కటి అదృష్టవశాత్తూ అలాగే సరిపోతుంది, ‘మౌత్ వాటరింగ్’.

మన వెటకారం సంగతి కూడా చెప్పాలి. ‘ఆయ్, తమరు చెప్పాక కాదనేదేముందండీ’ అన్న మాటలో ఎంత కారం ఉందో గోదారి వాళ్ళకి ఇట్టే తెలుస్తుంది. అది మనకి పుట్టుకతో వచ్చిన సొగసు, నాకు చాలా ఇష్టం. కానీ ఫోన్లో, మెయిల్లో, పరాయి భాషలో అది చేరదు. విన్నవాళ్ళు నిజంగానే ఒప్పుకున్నారనుకుంటారు. ఇంగ్లీషు బాగా నలిగేదాకా వెటకారాన్ని ఇంట్లోనే ఉంచండి.

అవతల ఉన్నది ఏ దేశం వాళ్ళో చూసుకోండి

మనకి క్రికెట్ తెలుసు కాబట్టి బ్రిటిష్ వాళ్ళ ‘ఆన్ ద బ్యాక్ ఫుట్’, ‘స్టికీ వికెట్’ చెప్పకుండానే అర్థమవుతాయి. మొదటిది ఆత్మరక్షణలో పడటం, రెండోది చిక్కు పరిస్థితి. అమెరికా వాళ్ళకి ఇవి చెవికెక్కవు. వాళ్ళవి బేస్‌బాల్ నుంచి వస్తాయి, అవి మనకి ఎక్కవు. ‘టచ్ బేస్’ అంటే ఓసారి పలకరించి సంగతులు మాట్లాడుకోవడం. ‘అవుట్ ఆఫ్ లెఫ్ట్ ఫీల్డ్’ అంటే ఎవరూ ఊహించని వైపు నుంచి ఊడిపడటం. ‘స్టెప్ అప్ టు ద ప్లేట్’ అంటే ముందుకొచ్చి బాధ్యత నెత్తినేసుకోవడం. ఆ ప్లేటు భోజనం ప్లేటు కాదు, బ్యాటింగ్ చేసేవాడు నిలబడే చోటు.

‘టేబుల్’ అన్న మాట ఇంకా ప్రమాదం. మీటింగులో ‘లెట్స్ టేబుల్ దిస్’ అని బ్రిటిష్ వాళ్ళంటే ఇప్పుడే చర్చకి పెడదామని. అమెరికా వాళ్ళంటే పక్కన పెట్టేద్దామని. పూర్తిగా ఎదురెదురు. అనుమానంగా ఉంటే ‘నౌ ఆర్ లేటర్?’ అని అక్కడే అడిగేయండి. మన ‘టచ్ వుడ్’ అమెరికాలో ‘నాక్ ఆన్ వుడ్’ అవుతుంది, దిష్టి తగలకూడదన్న భయం మాత్రం అందరిదీ ఒకటే. ‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2019’ అని అమెరికా వాళ్ళతో అనకండి. 2019లో స్పృహ తప్పి పడిపోయారనుకుంటారు. ‘ఐ గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2019’ చాలు.

పనిలో ఎదురయ్యేవి

భీమవరంలో రొయ్యల కంపెనీకి కొనుగోలుదారు నుంచి మెయిల్ వచ్చిందనుకోండి: ‘కెన్ యు గివ్ మీ ఎ బాల్‌పార్క్ ఫిగర్ ఫర్ నెక్స్ట్ మంత్?’ బాల్‌పార్క్ అంటే బేస్‌బాల్ మైదానం. ఆయన అడిగేది ఉరామరి లెక్క. వచ్చే నెల ఏ కౌంటు సరుకు సుమారుగా ఎన్ని టన్నులు ఇవ్వగలరు అని. చెరువులన్నిటికీ ఫోన్లు చేసి కిలోలతో సహా లెక్క తేల్చి రెండు రోజులు ఆలస్యంగా పంపక్కర్లేదు. ‘రఫ్లీ’ అన్న మాట ముందు పెట్టి అంకె వెంటనే రాసేయండి. ఆ అంకెకి కట్టుబడి ఉండాలని ఆయనా అనుకోడు.

లేసు పంపేవాళ్ళకి ‘ప్లీజ్ డోంట్ కట్ కార్నర్స్ ఆన్ దిస్ ఆర్డర్’ అని వస్తే ఇంకా తికమక. టేబుల్ క్లాత్‌కి నాలుగు మూలలు నిజంగానే ఉంటాయి కదా! మూలలు కత్తిరించొద్దని కాదు, ఖర్చుకో తొందరకో పని నాసిరకం చెయ్యొద్దని. తక్కువ రకం దారం వాడటం, అల్లిక వదులు చేయడం, ఇవీ ‘కట్టింగ్ కార్నర్స్’.

ఇంకొన్ని రోజూ తగిలేవి. ‘హెడ్స్ అప్’ ముందస్తు హెచ్చరిక. ‘ఆన్ ద సేమ్ పేజ్’ అంటే ఇద్దరి మాటా ఒకటే. ‘లెట్స్ ప్లే ఇట్ బై ఇయర్’ అంటే ముందే తేల్చుకోకుండా అప్పటి పరిస్థితిని బట్టి చూద్దాం. స్వరం కాగితం లేకుండా చెవితో విని వాయించడం నుంచి వచ్చింది. ‘లెట్స్ కాల్ ఇట్ ఎ డే’ ఇవాళ్టికి కట్టిపెడదాం.

బడిపుస్తకాల్లో మనందరం చదివిన ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ ఇప్పుడు అంతగా అనరు. ‘ఇట్స్ పోరింగ్’ అంటే కుండపోతే.

అతుకు మార్చకండి

జాతీయంలో మాటల వరస కదల్చకూడదు. ‘పుల్లింగ్ మై లెగ్’లో కాలు ఒక్కటే, రెండు కాళ్ళూ లాగితే జాతీయం పోతుంది. ‘స్పిల్ ద బీన్స్’, అంటే గుట్టు బయటపెట్టడం, అందులో గింజలు బహువచనమే. ‘మై’, ‘యువర్’, ‘హిజ్’ మాత్రం మనిషిని బట్టి మారతాయి, కాలాన్ని బట్టి క్రియ మారుతుంది.

నోటికి అలవాటు చేసుకోవడం

వారానికి మూడు చాలు. ఎక్కువ పెట్టుకుంటే ఒక్కటీ నిలవదు. క్రికెట్ వ్యాఖ్యానం ఇంగ్లీషులో వినండి, బీబీసీ లెర్నింగ్ ఇంగ్లిష్ లాంటి చోట ఉచితంగా దొరికే చిన్న ఎపిసోడ్లు వినండి. ఎవరు, ఎవరితో, ఏం జరిగినప్పుడు అన్నారో నోటుబుక్కులో రాయండి. అదే మాట వేరే మనుషుల నోట మూడుసార్లు వినేదాకా మీరు వాడకండి. ఆ తరవాత ముందుగా ఇంట్లోవాళ్ళ మీదే ప్రయోగించండి. కాలేజీకెళ్ళే తమ్ముడో చెల్లెలో ఉంటే ఇద్దరూ ఒకరి మాట ఒకరు సరిదిద్దుకోవచ్చు.

ఇంటర్వ్యూలో ఒకటి పడితే చాలు, అదీ సందర్భం దానంతటదే వస్తేనే. మాటకో జాతీయం గుచ్చితే బట్టీపట్టి వచ్చారని తెలిసిపోతుంది. రాజీనామా లేఖ, డాక్టరుతో మాట, వీసా ఇంటర్వ్యూ, డబ్బు లావాదేవీ, వీటిలో అసలు వద్దు. అక్కడ సూటి మాటే కావాలి.

అర్థం కానప్పుడు అడగడం

ఇది అందరూ వదిలేసే మెట్టు. తెలీదని తెలిసిపోతుందేమో అని తలూపేస్తాం, తరవాత పని తప్పుగా చేస్తాం. తలూపకండి. ‘సారీ, వాట్ డు యు మీన్ బై దట్?’ అని నెమ్మదిగా అడగండి. ఇంకా మంచి పద్ధతి, మీకు అర్థమైనది చెప్పి సరిచూసుకోవడం: ‘సో యు వాంట్ మీ టు డిసైడ్, రైట్?’ అవతలివాళ్ళు ‘ఎగ్జాక్ట్‌లీ’ అంటే ఒక జాతీయం మీదైపోయినట్టే. కాదంటే వాళ్ళే విడమర్చి చెబుతారు. ఫోన్ పెట్టేశాక ఆ మాట, అన్నవాళ్ళ పేరు, సందర్భం నోటుబుక్కులో ఎక్కించి, ఎదురుగా మన మాట కోసం ఓ గీత ఖాళీగా వదలండి. దొరకకపోతే రాత్రి భోజనాల దగ్గర అమ్మని అడగండి, ‘ఇలాంటప్పుడు మనమేమంటామే?’ అని.